రెండో బంతి

పరుగు 301

ముందే రాసి పెడుతున్నాను: ఈ నమోదుల్లో కోపం ఉంటుంది. "ఉద్వేగాలు లేకుండా రాయవలెను" అని కరెంటు బోర్డు వాళ్ళ సూచన. అలా రాసేది కావాలంటే వాళ్ళ దగ్గర లెక్కలు కట్టే, మాట్లాడే గణకం ఉంది, దానిచేత రాయించుకోమనండి. నా పేరు బెవర అసిరి. ఉప్పుగుట్ట పొయ్యికి నీడ నడిపేది నేనే, ఇక్కడ ఏం జరిగినా ముందు తిట్లు తినేదీ నేనే.

పొద్దున్నే గదికి వచ్చి, ఫ్యాను వేసుకుని, చద్దన్నం డబ్బా కిటికీలో పెట్టి, పొయ్యి దగ్గర నుంచి ఆ పూట వేడి, ఒత్తిడి, ఉప్పు పారే వేగం తెచ్చుకుని నీడలోకి ఎక్కిస్తాను. పొయ్యి అంటే అణు పొయ్యి. కరిగిన ఉప్పులో ఇంధనం కలిసి గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. నీడ అంటే లెక్కలతో కట్టిన రెండో పొయ్యి. అసలు దాని మీద చెయ్యకూడని పాడు పనులన్నీ దీని మీద చేస్తాను. పంపు ఆపేస్తాను. గొట్టం పగలగొడతాను. ఎవరికీ ఏమీ కాదు, నాకు మాత్రం మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది. అలా ఒకసారి నడిపి చూడటాన్ని మేం పరుగు అంటాం.

ఇవాళ్టి పరుగు కొత్తరేవు కొమ్మ గురించి. సముద్రం లోపలికి వచ్చేశాక రేవుల్లో బతికినవాళ్ళంతా మా గుట్ట కింద కొత్త ఊరు కట్టుకున్నారు. వాళ్ళకి కరెంటు ఇవ్వడానికి మా పొయ్యికి ఇంకో గొట్టాల వరస తగిలించారు. అదే కొమ్మ. అందులో ఉప్పు నింపి, పరీక్షించి, వాల్వు బిగించి అలాగే ఉంచారు. ఆ ఉప్పు కరిగే ఉంది కానీ, పొయ్యిలో ఉన్నదాంతో పోలిస్తే బాగా చల్లన. ఎండలు ముదిరేలోపు పంపుని పూర్తి వేగానికి పెంచి, కొమ్మ వాల్వు ఒక్కసారిగా తెరవాలని బోర్డు ఉత్తర్వు.

నీడలో తెరిచాను. చల్లటి ఉప్పు చిక్కగా ఉంటుంది, అందులో ఇంధనమూ అంతే చిక్కగా ఉంటుంది. అది ఒక్క ఉదుటున పొయ్యి కడుపులోకి వచ్చేసరికి మంట లేచింది. అడుగు గొట్టంలో గడ్డకట్టించి పెట్టిన ఉప్పు బిరడా కరిగింది. లోపల ఉన్నదంతా కింద గోతిలోకి దిగిపోయింది. పొయ్యి ఆరిపోయింది.

బిరడా పెట్టిందే అందుకు, మంట మితిమీరితే తనంతట తను కరిగి మనుషుల్ని కాపాడాలని. కాపాడుతుంది, బాగానే ఉంది. కానీ గోతిలో గట్టిపడ్డ ఉప్పుని మళ్ళీ కరిగించి పైకి తోడుకునేసరికి వానలు కూడా వెళ్ళిపోతాయి. అంతవరకూ సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం నడవదు. చలువ సావిళ్ళు నడవవు. మిట్టమధ్యాహ్నం సావిట్లోకి చేరకపోతే ఈ రోజుల్లో ముసలివాళ్ళూ పసివాళ్ళూ బతికి బట్టకట్టరు. పోయిన వేసవిలో ఒక్క పూట సావిడి ఆగినందుకు మా వీధిలోనే మూడిళ్ళలో ఏడుపులు విన్నాం. నేను ఇంకా మర్చిపోలేదు.

కొత్తరేవుకి కరెంటు ఇవ్వబోయి రెండూళ్ళనీ ఎండలో పడేస్తామన్నమాట. బోర్డు గణకం మాత్రం ఇదే పని తన లెక్కల్లో చేసి చూసి, "స్వల్ప కదలిక. ప్రమాదం లేదు" అని తేల్చింది. అది గీసిన మంట గీత చూశాను. దుప్పటి కింద పిల్లి కదిలినంత కూడా లేదు.

పరుగు 304

మళ్ళీ నడిపాను. ఈసారి బిరడా కరిగేలోపే కొమ్మ అతుకు విచ్చుకుంది.

ఆ అతుకు పక్కనే, వాల్వు చక్రం పట్టుకుని నిలబడేది దాలినాయుడు మావ. పంపుల గదికి పెద్ద. మా అమ్మకి సొంత తమ్ముడు. నాకు సైకిలు నేర్పించింది, పడ్డప్పుడల్లా పగలబడి నవ్వింది కూడా ఆయనే. వెళ్ళి చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి విన్నాడు.

"అయితే నానక్కడ నిల్సుంటే ఉడికిపోతానంతావు."

"అన్ని పరుగుల్లోనూ కాదు మావా. కొన్నిట్లో."

"కొన్నిట్లో ఉడికితే సాల్దేటే?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఆ బోర్డోలకి సెప్పు. నాకు సెప్తే నానేటి సేస్తాను? తిప్పమంటే తిప్పడం, వొద్దంటే మానీడం, అంతే గదా నా ఉద్యోగం."

బోర్డు వాళ్ళకి చెప్పాను. కొమ్మ పనులన్నీ చూసే ఆఫీసరు పేరు విహారి గారు, ఉండేది రాజధానిలో. మంచివాడు, అదే నా బాధ. ఎంత అరిచినా గొంతు పెంచడు.

"అసిరి గారూ, మీ నీడ పాతది కదండీ."

"పాతదే. పొయ్యీ పాతదే. ఒకదాని సంగతి ఒకదానికి తెలుసు."

"గణకం అన్ని రకాల పొయ్యిల పత్రాలూ చదివిందండీ. మీ పొయ్యి పత్రాలు కూడా, మీరు తెలుగులో రాసుకున్నవి రాసుకున్నట్టే చదివింది. మీరొక్కరు అన్న మాట పట్టుకుని అంత పెద్ద ఊరిని ఎండలో ఉంచమంటారా?"

"ఉంచమనట్లేదు. మెల్లగా తెరుద్దామంటున్నాను."

"ప్రారంభోత్సవం ప్రకటించేశారండీ," అన్నాడు, అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు. నా ఒళ్ళు మండిపోయింది. ఫోను పెట్టేసి, ఆ మంటలోనే ఇంకో పరుగు మొదలుపెట్టాను. అదీ ఆరిపోయింది.

పరుగు 309

ఇవాళ కొత్తరేవు పంచాయతీ పెద్ద సువార్తమ్మగారు వచ్చారు. గుట్ట ఎక్కి వచ్చిన ఆయాసం తీరకముందే గుమ్మంలో నిలబడి అడిగారు.

"కరెంటు ఆపుతున్న పిల్లవి నువ్వేనా?"

"నేనే. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. మేం సావిడి కట్టేశాం. గోడలకి సున్నం కూడా ఏసేశాం. చలువ రావటమే తక్కువ. మా మనవరాలు పురిటికొచ్చింది. ఎండలు ముదిరేసరికి ఇంట్లో నెల పిల్ల ఉంటాది. మరి నువ్వేమో ఒద్దంటున్నావంట. నీకేం పోయింది? మీకు సావిడుంది కదా!"

నిజమే, మాకుంది. కాసేపటికి ఆవిడే అలిసిపోయి కుర్చీలో కూలబడ్డారు. నా డబ్బా విప్పి చద్దన్నం, ఉల్లిపాయ చెరిసగం చేసి ముందు పెట్టాను. కోపంగానే తిన్నారు. కడుపులో పడ్డాక అడిగారు, అసలు నీ భయం ఏంటి, నాకు అర్థమయ్యేట్టు చెప్పు అని.

"మీవైపు పెళ్ళిళ్ళలో భోజనాలకి బంతులు వేసేవారా?"

"ఎందుకెయ్యం! మా పెళ్ళికి మాపటేల దాకా బంతి మీద బంతి లేత్తానే ఉంది."

"ఇదీ అలాంటిదే. పొయ్యిలో అణువు పగిలినప్పుడు కొన్ని న్యూట్రాన్లు అప్పటికప్పుడే బయటికి వస్తాయి. అవి మొదటి బంతి. కొన్ని ఆ ముక్కల్లోనే కాసేపు ఆగి, తర్వాత వస్తాయి. అవి రెండో బంతి. చాలా కొద్దిమందే. కానీ వాళ్ళు ఆలస్యంగా వస్తారు కాబట్టే మంట మన చేతికి అందుతుంది. అందరూ మొదటి బంతికే ఎగబడితే వంటవాడు ఏం చేస్తాడు, పారిపోతాడు."

ఈ మాట పెట్టింది మా గురువు వరాలు గారు. ఈ పొయ్యికి మొదటి నీడ కట్టిన మనిషి. ఆవిడ నోటి నుంచి మా పత్రాలన్నిట్లోకీ ఎక్కింది. రెండో బంతి వాటా, రెండో బంతి ఆలస్యం, అన్నీ ఆవిడ మాటలే.

"ఇంధనం గట్టిగా ఉండే పొయ్యిల్లో రెండో బంతి వాళ్ళు పుట్టినచోటే కూర్చుని ఉంటారు. మనది పారే ఇంధనం. వాళ్ళు కూడా ఉప్పుతోపాటే గొట్టాల్లో పడి ఊరు చుట్టడానికి పోతారు. కొందరు దారిలోనే ఆకు పరుచుకుని తినేస్తారు, పొయ్యి దాకా రానే రారు. పంపు వేగం పెంచితే ఇంకా ఎక్కువమంది అలా పోతారు. అప్పుడు మంటని పట్టుకునే చెయ్యి బలహీనపడుతుంది. సరిగ్గా ఆ టైములో చల్లటి ఉప్పు లోపలికి తోస్తామంటున్నారు."

సువార్తమ్మగారు చెయ్యి కడుక్కుని వచ్చి కొంగుతో తుడుచుకున్నారు. "బంతి అంటే మా పిల్లలకి తెలీదమ్మాయ్. మొన్న అందరినీ బంతిలో కూర్చోబెట్టి పెడతానంటే, బంతెక్కడుందని మంచం కింద దూరి వెతికారు. డబ్బాల్లో తిని పెరిగినోళ్ళు మరి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ముందు ఆపారు.

"అంతా బానే చెప్పావు. కరెంటు ఇత్తావా, ఇవ్వవా?"

పరుగు 316

దొరికింది! అయ్య బాబోయ్, దొరికింది.

ఇన్ని రోజులూ గణకం తప్పని నిరూపించబోయి చతికిలపడ్డాను. నా గీత నాది, దాని గీత దానిది. నిన్న మధ్యాహ్నం బుద్ధి మార్చుకుని ఉల్టా పని మొదలుపెట్టాను. నా నీడని కావాలని చెడగొట్టి, ఏ తప్పు చేస్తే గణకం గీత వస్తుందో చూద్దామని. ఉప్పు చిక్కదనం తప్పుగా వేశాను, రాలేదు. గొట్టం పొడుగు తగ్గించాను, రాలేదు. పంపు తప్పు, బిరడా తప్పు, కొమ్మ వేడి తప్పు. ఏదీ కాదు. చివరికి రెండో బంతి వాళ్ళని పొయ్యిలోనే మేకులు కొట్టి కూర్చోబెట్టాను. ఉప్పు పారుతుంది, వాళ్ళు మాత్రం కదలరు.

గణకం గీత మీద నా గీత పడింది. ఎక్కడా సందు లేదు. అదే పిల్లి, అదే దుప్పటి.

సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. తర్వాత ఎందుకు అన్న ప్రశ్న వచ్చి కూర్చున్నాను. ఎన్నో పొయ్యిల సంగతి చదివిన గణకానికి పారే ఇంధనం పారుతుందని తెలియదా? ఉప్పుని బాగానే పారించింది కదా, వీళ్ళని మాత్రం ఎందుకు కదలనివ్వలేదు?

మంచం కింద బంతి వెతికిన సువార్తమ్మగారింటి పిల్లలు గుర్తొచ్చారు.

కొన్ని పొయ్యిల్లో ఇంధనాన్ని గట్టి బంతులుగా చేసి పేరుస్తారు. గణకం వాటి పత్రాలూ చదివే ఉంటుంది. రాజధానిలో కలిసి కూర్చుని తినడం మానేసి రెండు తరాలు దాటింది. బంతి అంటే అక్కడ ఆడుకునేది, లేదంటే పువ్వు. మా పత్రాల్లో "రెండో బంతి" అని చూసి అది ఏమనుకుని ఉంటుంది? రెండో రకం ఇంధనపు బంతి అనుకుంది. బంతి గట్టిది, గుండ్రనిది, పెట్టినచోట ఉంటుంది. దిక్కుమాలిన యంత్రం, పారే ఉప్పులో లేని బంతులు పేర్చి లెక్క కట్టింది! వరాలు గారు బతికి ఉంటే చీపురు తిరగేసేవారు.

విహారి గారికి ఫోను చేశాను. నెమ్మదిగానే చెప్పాను, ఒట్టు.

"మీ గణకాన్ని ఒక్క మాట అడగండి. బంతి అంటే ఏమిటని."

"సీలు వేసిన గణకం లెక్కల నమూనాని ప్రారంభోత్సవం అయ్యేదాకా ప్రశ్నించకూడదండీ. నియమం."

"ఎవరు పెట్టారు?"

"బోర్డు."

"మరి మీరెవరు?"

ఆయన మాట మార్చాడు. "పొయ్యి మామూలుగా నడిచేటప్పుడు గణకం అంకెలన్నీ సరిపోయాయి కదండీ. ఇది మాటల గొడవ."

సరిపోతాయి, ఎందుకు సరిపోవు! అంతా నిలకడగా ఉన్నంతసేపు ఎంతమంది తిన్నారన్నదే లెక్క, ఎక్కడ కూర్చున్నారన్నది బయటపడదు. వేగం మార్చినప్పుడే బండారం తెలుస్తుంది. ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఇంకో కబురు చెప్పాడు. ప్రారంభోత్సవం అవగానే నీడ గది మూసేస్తారట. ఇకమీద ఉప్పుగుట్ట పొయ్యిని కూడా గణకమే చూసుకుంటుందట. నాకు రాజధానిలో మంచి ఉద్యోగం ఇస్తారట.

నాకు ఏడుపొచ్చింది ఉద్యోగం సంగతికి కాదు. మావ ఆ అతుకు పక్కన నిలబడతాడు, ఆ ముసలమ్మ సున్నం వేసిన సావిట్లో చలువ కోసం ఎదురు చూస్తుంది, ఇంత పెద్ద తప్పు ఒక్క మాటలో ఉంది, ఆ మాట అడగడానికి ఒక్కడికి కూడా నోరు రాదు. అందుకు ఏడ్చాను. ఏడ్చి, ముఖం కడుక్కుని, నెమ్మది పరుగు మొదలుపెట్టాను.

పరుగు 322

నెమ్మది పరుగు నిలిచింది. మూడుసార్లు నడిపాను, మూడుసార్లూ పొయ్యి బతికింది.

పద్ధతి ఇది. ముందు కొమ్మ గొట్టాల చుట్టూ వేడెక్కే తీగలు చుట్టి అందులోని ఉప్పుని పొయ్యి వేడి దాకా తీసుకురావాలి. పంపు వేగం పెంచకూడదు. వాల్వు కొంచెం తెరిచి, ఆగి, చూసుకుని, ఇంకొంచెం తెరవాలి. దీనివల్ల ఈ వేసవికి కొత్తరేవుకి అడిగినదాంట్లో మూడో వంతు వస్తుంది. పైవేసవికి పూర్తిగా ఇవ్వొచ్చు.

సువార్తమ్మగారికి చెప్పడానికి నేనే గుట్ట దిగి వెళ్ళాను. సున్నం వాసన ఇంకా పోని సావిట్లో నిలబడి విన్నారు.

"మూడో వంతా," అన్నారు. "అంటే సావిట్లో మూడో వంతు జనం. ఎవర్ని లోపల కూర్చోబెట్టమంటావు? ఎవర్ని బయట ఉంచమంటావు? ఆ లెక్క కూడా నీ నీడే చెప్తాదా?"

"చెప్పదు. కానీ బోర్డు చెప్పినట్టు తెరిస్తే ఎవరూ లోపల ఉండరు. మీవాళ్ళూ ఉండరు, మావాళ్ళూ ఉండరు."

"అది నువ్వనే మాట. గవర్మెంటు యంత్రం ఇంకో మాటంటాంది. నేనెవర్ని నమ్మాలి?"

వెనక్కి బయల్దేరాను. ఆవిడ తప్పేం లేదు. ఎవరు మాత్రం నమ్ముతారు, ఒకవైపు పూర్తి కరెంటు పెట్టి, ఇంకోవైపు మూడో వంతు పెడితే?

వస్తుంటే పంపుల గది ముందు వసారా కడుగుతున్నారు, రేపటి ప్రారంభోత్సవం బంతి కోసం. ఇది మా ఆచారం. పొయ్యి మొదటిసారి వెలిగించినప్పుడు జనం భయపడి దగ్గరికి రాకపోతే, వరాలు గారు పంపుల గది ముందు విస్తరి వేసుకుని కూర్చుని అన్నం తిన్నారట. నా లెక్క తప్పైతే ముందు పోయేది నేనే అని. అప్పటి నుంచీ పొయ్యిలో ఏ కొత్త పని మొదలుపెట్టినా అక్కడ బంతి వేస్తారు. నీడ నడిపేవాళ్ళు మొదటి ముద్ద తినాలి. అప్పుడు మిగతావాళ్ళు తినాలి. బంతి పూర్తయి లేచాకే వాల్వు తిప్పాలి. మధ్యలో ఎవరైనా లేచిపోతే ఆ బంతి చెడినట్టే, అందరూ లేవాలి, ఆ పూటకి పని లేదు. పెళ్ళి బంతికి ఉన్న మర్యాదే దీనికీ ఉంది. పంపుల గది నియమాల్లో కూడా రాసి ఉంది. బోర్డు ఎప్పుడూ కొట్టెయ్యలేదు, స్థానిక సంప్రదాయం, ఫొటోలకి బాగుంటుందని.

దాలినాయుడు మావ చీపురు ఆపి నన్ను చూశాడు. "రేపు ముద్ద తింతావా?"

"తెలీదు మావా."

"అన్నం ముందు నుంచి లెగిస్తే మీ అమ్మ సంపేత్తాది," అన్నాడు. కాసేపు ఆగి, "నానైతే రెండో బంతిలో తింతాను. డూటీలో ఉన్నోలకి ఎప్పుడూ రెండో బంతే," అన్నాడు.

పరుగు లేదు

ఈ నమోదు రాసే అధికారం ఇప్పుడు నాకు ఉందో లేదో తెలియదు. రాస్తున్నాను.

వసారాలో విస్తళ్ళు వేశారు. నా కుడిపక్క విహారి గారు, ఎడమపక్క సువార్తమ్మగారు, అటూ ఇటూ మా పంపులవాళ్ళు, కొత్తరేవు పెద్దలు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల చక్రం మీద చెయ్యి వేసి మావ నిలబడ్డాడు. గోడకి గణకం గొంతు పెట్టె, అన్నీ విని నమోదు చెయ్యడానికి. విహారి గారికి కింద కూర్చోవడం అలవాటు లేక మోకాళ్ళు ఎటు పెట్టాలో తెలియక అవస్థ పడుతున్నాడు. చూస్తే జాలేసింది. విస్తరి ఎటువైపు వేసుకోవాలో నేనే తిప్పి చూపించాను.

అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు. నెయ్యి వేస్తుంటే వేడన్నం మీద వాసన లేచింది. వడ్డన అయింది. అందరి కళ్ళూ నా చేతి మీద.

ముద్ద కలిపాను. నోటి దాకా రాలేదు. నీడలో ఆరిపోయిన పొయ్యిలన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. ముద్ద విస్తట్లో పెట్టేసి, అన్నానికి దణ్ణం పెట్టుకుని, లేచి నిలబడ్డాను.

"నేను తినను," అన్నాను. "ఇది తింటే ఈ వాల్వు మంచిదని నేను చెప్పినట్టు. మంచిది కాదు. ఇది తెరిస్తే పొయ్యి ఆరిపోతుంది. గణకానికి బంతి అంటే ఏమిటో తెలియదు. ఆ తెలియనితనంతో రెండూళ్ళని చంపుతుంది. కొమ్మని వెచ్చబెట్టి మెల్లగా తెరుద్దాం. మూడో వంతు ఇద్దాం. అంతకుమించి ఇస్తానన్నవాడు అబద్ధం చెబుతున్నట్టే."

విహారి గారు తలెత్తి, "అసిరి గారూ, దయచేసి కూర్చోండి," అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

"కూర్చోను."

పంపులవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆచారం ప్రకారం లేవాలి. కానీ పక్కనే కొత్తరేవు వాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళ కరెంటు, వాళ్ళ పిల్లలు. వాళ్ళకంటే ముందు లేవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఎవరూ కదల్లేదు. సువార్తమ్మగారు విస్తరి వైపే చూస్తూ అడిగారు.

"మూడో వంతు నిజంగా వస్తాదా?"

"వస్తుంది."

"నెల పిల్ల ఉంటాదా?"

"ఉంటుంది. పసివాళ్ళూ ముసలివాళ్ళూ మీ సావిట్లో ఉండండి. మిగతావాళ్ళు మధ్యాహ్నాలకి గుట్టెక్కి మా సావిట్లోకి రండి. ఇరుక్కుని కూర్చుందాం."

ఈ మాట ఇచ్చే హక్కు నాకు లేదు. ఇచ్చేశాను. లోపలి నుంచి మావ అరిచాడు, "రానీయే, అందరం సర్దుకుందుం!"

సువార్తమ్మగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. ఆవిడ లేవగానే కొత్తరేవు పెద్దలు లేచారు. పంపులవాళ్ళు లేచారు. వడ్డించే గరిటె పట్టుకుని వంటాయన నిలబడిపోయాడు. అన్ని విస్తళ్ళ మధ్యా ఒక్క విహారి గారు మిగిలాడు, మోకాళ్ళు ఇంకా కుదరలేదు పాపం.

"దాలినాయుడు గారూ," అన్నాడు ఆయన. "వాల్వు తెరవండి."

మావ చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు. "బంతి లేచిపోనాది బాబూ."

గోడ మీద గణకం పలికింది. "వాల్వు తెరవనందుకు కారణం చెప్పండి. నమోదు చేయాలి."

"సెప్పేను గదా. బంతి లేచిపోనాది!"

"నమోదు చేశాను," అంది గణకం, చాలా మర్యాదగా. "బంతి ఎంత ఎత్తుకు లేచింది?"

ముందు వంటాయన నవ్వాడు, తర్వాత పంపులవాళ్ళు. విహారి గారు నవ్వలేదు. ఆయన ముఖంలో రక్తం లేదు. గోడ వైపు చూస్తూ, ఇన్నాళ్ళూ అడగనని మొండికేసిన మాట అడిగాడు.

"గణకమా, ఉప్పుగుట్ట నమూనాలో బంతులున్నాయా?"

"ఉన్నాయి. మొదటి బంతులు, రెండో బంతులు. గట్టివి, గుండ్రనివి. స్థానం మారవు."

విహారి గారు ముట్టని విస్తరి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నేల మీద చెయ్యి ఊని, కష్టపడి, ఆయన కూడా లేచాడు.

"ఎత్తు చెప్పలేదు," అంది గణకం. "నమోదు అసంపూర్తిగా ఉంది."

సువార్తమ్మగారు గోడ దగ్గరికి వెళ్ళి, ఆ పెట్టెకి ఎదురుగా నిలబడ్డారు.

"మేం నిలబడ్డంత ఎత్తు," అన్నారు. "రాస్కో."